కారు వేసిన రోడ్డు

రోడ్డు వేయడానికి తారు కావాలనీ, కంకర కావాలనీ, రోలరు కావాలనీ నమ్మేవాళ్లు ఈ దేశంలో ఇంకా చాలామంది ఉన్నారు. అమాయకులు! రోడ్డు వేయడానికి కావలసింది ఒక్కటే. కారుకు ఎలక్ట్రానిక్ స్ట్రట్లు!

నవ్వకండి. ముందు స్ట్రట్ అంటే ఏమిటో తెలుసుకోండి. బండికీ చక్రానికీ మధ్య నిలబడి బరువు మోసే కాలు అది. మామూలు కారుకు ఆ కాలిలో ఒక స్ప్రింగూ, కాస్త ఆయిలూ ఉంటాయి. గుంత వస్తే గుంత వచ్చిందని నడుముకు చెప్పేస్తుంది. మర్యాద తెలియని కాలు! ఖరీదైన కారు కాలు అలా కాదు. అందులో గాలి తిత్తి ఉంటుంది. ఆ గాలికో సెన్సరు, ఆ సెన్సరుకో కంప్యూటరు. చక్రం గుంతలో దిగిందని తెలియగానే కంప్యూటరు గాలిని అటూ ఇటూ సర్ది, వెనక సీట్లోని పెద్దమనిషికి "ఏమీ జరగలేదు, తమరు కునుకు తీయండి" అని మనవి చేసుకుంటుంది.

అంటే గుంత ఉంది. కానీ లేదు! వేదాంతులు గడ్డాలు నెరిసేదాకా వాదించుకుని తేల్చలేని సంగతిని జర్మనీవాడు నాలుగు కాళ్లలో తేల్చిపారేశాడు.

ఇంతకన్నా గొప్ప ప్రజాసేవ ఇంకేముంటుంది? గుంత పూడిస్తే తొలకరికి మళ్లీ లేస్తుంది. గుంత ఉన్న సంగతే తెలియకుండా చేస్తే ఎన్ని వానలు వస్తే మాత్రం ఏం? ఈ పద్ధతిని మిగతా శాఖలు ఇంకా ఎందుకు అందుకోలేదో అర్థం కాదు. పుల్లలచెరువు వైపు తాగునీళ్లు లేవని గోల పెడుతున్నారా? బోర్లు వేయడం దండగ. దాహం వేసినట్టు తెలియకుండా గొంతులో ఒక సెన్సరు పెట్టండి! బడికి పైకప్పు లేదా? ఆకాశం కనపడని కళ్లజోళ్లు పంచండి! బస్సు రాలేదా? వచ్చి వెళ్లినట్టు అనిపించే కంప్యూటరు ఒకటి బస్టాండులో పెట్టండి. చాలామందికి ఇప్పటికే అలా అనిపిస్తోంది కూడా.

ఈ మహత్తర సత్యాన్ని పశ్చిమ ప్రకాశంలో అందరికన్నా ముందు కనిపెట్టినవాడు మార్కాపురం బాలరాజు. ఆయన రోడ్ల కాంట్రాక్టరు.

ఆ వైపు ఒక ఆనవాయితీ ఉంది. రోడ్డు తనిఖీకి వచ్చే ఆఫీసరు శాఖ జీపులో రాడు. జీపుకు డీజిల్ ఉంటే టైర్లు ఉండవు, టైర్లుంటే డ్రైవరు ఉండడు. కాబట్టి రోడ్డు వేసిన కాంట్రాక్టరే తన కారులో ఆఫీసరును ఎక్కించుకుని, తాను వేసిన రోడ్డును తానే చూపించి, తిరిగి తానే దించుతాడు. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదేనని గిట్టనివాళ్లు అంటారు. తాళాలు మాత్రమే కాదు, దొంగే భోజనం కూడా పెట్టిస్తాడని వాళ్లకు తెలియదు.

మరి రోడ్డు మంచిదో చెడ్డదో తేల్చడం ఎలా? దానికి పరికరాలున్నాయి. అవి బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం బదిలీ అయిన గుమాస్తా దగ్గర ఉంది. అందుకని తనిఖీకి వచ్చే డిప్యూటీ ఇంజినీరు, అంటే డీఈ గారు, ఒక పరీక్ష పెట్టుకున్నారు. స్టీలు గ్లాసులో అంచు దాకా టీ పోయించి, వెనక సీటు మధ్యలో పెట్టిస్తారు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేలోపు టీ ఒలకలేదా, పాస్! ఒలికిందా, గ్యారంటీ గడువు లోపలే గనక కాంట్రాక్టరు ఆ రోడ్డంతా తవ్వి, సొంత ఖర్చుతో మళ్లీ వేయాలి.

బాలరాజు ఆలోచించాడు. టీ ఒలకని రోడ్డు వేయాలంటే ప్రతి ఊరికీ వేయాలి. టీ ఒలకని కారు ఒక్కటి కొంటే చాలు!

హైదరాబాదులో ఎవరో ధనవంతుడు వాడి, విసుగొచ్చి వదిలేసిన పాత జర్మనీ కారును బేరమాడి తెచ్చాడు. నల్లటి ఒళ్లు, చల్లటి సీట్లు, నాలుగు ఎలక్ట్రానిక్ కాళ్లు. ఆ రోజు నుంచి ఆయన వేసిన ఏ రోడ్డు మీదా టీ చుక్క ఒలకలేదు. తారు తగ్గింది, కంకర తగ్గింది, పేరు మాత్రం పెరిగింది. ఆయన రోడ్ల మీద ఆటోలు పల్టీలు కొట్టాయి, ట్రాక్టర్లు ఇరుసులు విరుచుకున్నాయి. ఆయన కారులో మాత్రం డీఈ గారు గురక పెట్టారు.

అలాంటి కారు ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ఒక కాలు ముడుచుకుని కనిపించింది.

డ్రైవరు పాపయ్య చుట్టూ తిరిగి చూశాడు. వెనక ఎడమ చక్రం మీద బండి కూలబడి ఉంది. "అన్నా, మన బండికి కాలు పడిపోయింది" అన్నాడు.

"గాలి పట్టరా."

"టైర్లో గాలి ఉందన్నా. కాల్లో లేదు."

బాలరాజు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. సోమవారం తనిఖీ ఉంది. అదీ ఎర్రబండ గూడెం రోడ్డు! పుల్లలచెరువు దాటి అడవి అంచు దాకా వెళ్లే ఆ రోడ్డు ఆయన వేశాక రెండు వానలు కూడా చూడలేదు. మొదటి వానకే అది రోడ్డు కాకుండా పోయింది. సోమవారం గట్టెక్కితే గ్యారంటీ చీటీ చిరిగిపోతుంది, ఆ రోడ్డుతో బాలరాజుకు సంబంధం తెగిపోతుంది. గట్టెక్కకపోతే మొత్తం తవ్వి మళ్లీ వేయాలి. ఈసారి తారుతో!

ఎర్రబండ గూడెం జనం కూడా సోమవారం కోసమే ఎదురుచూస్తున్నారు. వాళ్ల కోరిక సరిగ్గా దీనికి తలకిందులు.

బాలరాజు కారు కంపెనీకి ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి తేనె పూసిన గొంతుతో పలికింది.

"సార్, మీ మోడల్ మా దగ్గర వారసత్వ విభాగంలోకి వెళ్లింది."

"అంటే ఏందమ్మా?"

"అంటే పార్టులు దొరకవు సార్. కానీ గౌరవం ఉంటుంది."

గౌరవంతో కారు లేవదు కదా! జర్మనీ నుంచి తెప్పిస్తే ఎంతవుతుందని అడిగాడు. ఆమె ఒక్క కాలికి చెప్పిన ధరకు బాలరాజు కారు మొత్తం కొన్నాడు. పైగా అది వచ్చేసరికి వేసవి కూడా దాటిపోతుందట. చూశారా ఆధునిక విజ్ఞానం ఎంత ఎదిగిందో! పూర్వం మనిషి చస్తే ఆస్తి మిగిలేది. ఇప్పుడు కారు కాలు చస్తే ఆస్తి పోతుంది.

కానీ పలకల గనులకు పేరుపడ్డ మార్కాపురంలో పుట్టినవాడికి ఒరిగినదాన్ని నిలబెట్టడం జర్మనీవాడు నేర్పాలా? ఆ ఊళ్లో మంచం కోడు ఊగినా, గ్యాస్ పొయ్యి ఒరిగినా, బీరువా వంగినా కింద ఒక పలక ముక్క పెడతారు. పలకల లోడుతో లారీ ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క నాలుగు దొంతులు ఎక్కువ వేస్తారు. బాలరాజు నాయన పలకల గనిలో చేసింది ఆ పనే. రక్తంలో ఉన్న విద్య!

బాలరాజు డిక్కీ తెరిపించి, కుడి పక్కన పలక రాళ్లు పేర్పించాడు. పేర్చే కొద్దీ కుడి పక్క దిగింది. దిగి దిగి ఎడమ పక్కతో సమానమైంది. ఆయన దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి, బొటనవేలు చాపి కొలిచాడు.

"చూడరా! ఇంజినీరింగంటే ఇదీ."

పాపయ్య తల గోక్కున్నాడు. "నిలబడిందిలే అన్నా. కానీ కుంటోడి భుజాన మూట పెట్టినట్టు ఉంది."

"నోరు మూసుకుని తర్లుపాడు దాకా తోలు. పరీక్ష చేద్దాం."

తర్లుపాడు దాకా అక్కర్లేకపోయింది. దారిలో ఒక స్పీడ్ బ్రేకర్ దాటుతుండగా వెనక కుడి కాలు "ఉస్సు"మని పెద్ద నిట్టూర్పు విడిచింది. కారు మడుగులో గేదెలా నేల మీద కూర్చుంది.

పాపయ్య దిగి చూశాడు. "ఇప్పుడు నిజంగా సమానమైందన్నా. రెండు కాళ్లూ పోయినాయి."

బండి కదలాలంటే బరువు దించాలి. పలక రాళ్లను తీసి ఎదురుగా ఉన్న గుంతలో పడేశారు. ఆటోవాళ్లు ఇప్పటికీ ఆ చోటు దాటేటప్పుడు బాలరాజు గురించి ఒక మంచి మాట అనుకుంటారు. ఆయన జీవితంలో పూడ్చిన గుంత అదొక్కటే మరి!

ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చిన కారు మార్కాపురంలో మెకానిక్ అబ్రార్ షెడ్డు ముందు ఆగింది. అబ్రార్ మాట కోసం జనం బండ్లు తెస్తారో, పని కోసం తెస్తారో ఆయనకే తెలియదు. అప్పు రాసుకోడు గానీ, తిట్టకుండా ఎవరి బండీ బాగు చేయడు.

"ఏం బాలరాజన్నా! కారు తెచ్చినావా, చేపను తెచ్చినావా? పొట్ట మీద పాకొచ్చింది?"

"ఎగతాళి ఆపు భాయ్. సోమవారానికి నిలబెట్టాల."

అబ్రార్ జాకీ పెట్టి లేపి కారు కింద దూరాడు. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తూ, మాటలు లోపలి నుంచి వచ్చాయి.

"చెన్నై తుక్కు బజార్లో ఈ కాళ్లు దొరుకుతాయన్నా. గుద్దుకుని చచ్చిన బండ్లవి. మంచి కండీషన్ అంటాడు వాడు. బండే చచ్చినాక కాలికి కండీషన్ ఏంది? రెండు నెలలు మోస్తాది, మళ్లీ ఉస్సు."

"ఇంకోటి చెప్పు."

"గిద్దలూర్లో ఒకాయన ఉన్నాడు. లారీల గాలి తిత్తులకు ప్యాచీ ఏస్తాడు. చేయి మంచిది, చవక కూడా. కానీ లారీ తిత్తి ఎద్దు తోలు, ఇది పసిపిల్ల బుగ్గ. నిలబడదు."

చవక అనే మాట వినపడితే బాలరాజు చెవికి మిగతాది వినపడదు. తిత్తులు విప్పించుకుని గిద్దలూరు పరుగెత్తాడు. ప్యాచీ వేయించాడు, తెచ్చాడు, బిగించాడు. కారు లేచి నిలబడింది! బాలరాజు కొబ్బరికాయ కొట్టాడు. చెక్కలు ఏరుకునేలోపే కారు మళ్లీ కూర్చుంది.

"దండం పెట్టుకుందిలే అన్నా" అన్నాడు అబ్రార్. "ఇంక నా మాట విను. ఈ గాలి, ఈ సెన్సరు, ఈ సోకులు అన్నీ పీకి పారేస్తా. మామూలు స్ప్రింగు, ఆయిలు పోసిన మామూలు షాకు ఏస్తా. నీ జర్మనీ కాలి ఖర్చులో తోకంత కూడా కాదు. నీ మనవళ్లు తోలుకోవచ్చు."

"మరి కంప్యూటర్?"

"అరుస్తాది. నా గాలి యాడ, నా గాలి యాడ అని ఎర్ర లైటు ఏసి ఏడుస్తాది. దానికో చిన్న ఎలక్ట్రానిక్ ముక్క కట్టి పెడతాం. అది కూర్చుని, గాలి బాగుంది, అంతా బాగుంది అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్తా ఉంటాది."

గోరంత ముక్క! దాని పని అదొక్కటే! కింద ఏం జరిగినా పైకి అంతా బాగుందని చెప్పడం. జీతం అడగదు, పెన్షన్ అడగదు. పాఠకులారా, ఒక్కసారి ఆలోచించండి. ఈ పనికి మనం ఎంతమంది మనుషులను పెట్టుకుని, ఎన్ని భవనాలు కట్టి, ఎన్ని ఏసీలు తిప్పుతున్నాం!

బాలరాజు సరేనన్నాడు. అప్పుడు అబ్రార్ చేతులు తుడుచుకుంటూ అసలు మాట చెప్పాడు.

"ఒక్కటే తంటా అన్నా. స్ప్రింగు ఏసినాక నీ కారు నిజం చెప్తాది."

"ఏం నిజం?"

"రోడ్డు."

"టీ ఒలుకుతాదా?"

"ఎర్రబండ రోడ్డు మీదనా? గ్లాసులో టీ సంగతి తర్వాత అన్నా. పొద్దున తాగినదే ఒలుకుతాది."

"మరేం చెయ్యాల?"

"అన్నిటికన్నా చవకైంది ఒకటి ఉంది. గ్లాసులో టీ సగమే పొయ్యి."

అబ్రార్ నవ్వాడు గానీ బాలరాజు నవ్వలేదు. ఆయనకు అది మంచి ఉపాయంగానే తోచింది.

అయినా చివరి ప్రయత్నంగా ఇంకో దారి వెతికాడు. కనిగిరిలో ఒకాయనకు అచ్చం ఇలాంటి కారే ఉందని తెలిసి, సోమవారం ఒక్కరోజు ఇమ్మని ఫోన్ చేశాడు. ఆయన గొంతు తగ్గించి, "ఏమనుకోకన్నా. సోమవారం నాక్కూడా తనిఖీ ఉంది" అన్నాడు. ఆయనా రోడ్ల కాంట్రాక్టరే. గొప్ప బుర్రలు ఒకేలా పనిచేస్తాయి, ఒకేలాంటి కార్లు కొంటాయి.

సోమవారం వచ్చింది. డీఈ గారూ వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. బాలరాజుకు ఆ తెలుపు చూడగానే కళ్లు తిరిగాయి.

అబ్రార్ వేసిన స్ప్రింగుల మీద కారు ఠీవిగా నిలబడి ఉంది. లోపల ఎర్ర లైటు లేదు. పాపయ్య స్టీలు గ్లాసులో సగం టీ పోసి తెచ్చాడు.

డీఈ గారు గ్లాసులోకి తొంగి చూశారు. "ఏంటయ్యా ఇది, కరువు టీ? నింపు."

"సార్, షుగరు ఎక్కువ తాగకూడదని..." బాలరాజు నసిగాడు.

"తాగడానికి ఎవరడిగారు? ఇది ప్రభుత్వ పరీక్ష. నింపు!"

పాపయ్య నింపాడు. అంచు దాకా.

పెద్ద రోడ్డు మీద కారు బాగానే సాగింది. డీఈ గారు కళ్లు మూసుకున్నారు. పక్కనే కూర్చున్న బాలరాజు గ్లాసు చుట్టూ చేతులు అడ్డం పెట్టి, గాలికి దీపం ఆరకుండా కాపాడే భక్తుడిలా వంగి కూర్చున్నాడు. పుల్లలచెరువు దాటారు. ఎర్రబండ మలుపు కనిపించింది. పాపయ్య గేరు తగ్గించి, "అన్నా..." అన్నాడు. ఆ ఒక్క మాటలోనే ఆఖరి వీడ్కోలు ఉంది.

మొదటి గుంతకు టీ డీఈ గారి మోకాలి మీద పడింది. రెండో గుంతకు ఫైలు మీద పడింది. మూడో గుంతకు గ్లాసే లేచి ముందు సీట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత గుంతలు విడివిడిగా రాలేదు. డీఈ గారు తలుపు పట్టుకున్నారు. బాలరాజు డీఈ గారిని పట్టుకున్నాడు. కారు ఒక బండరాయి ఎక్కి దిగింది. బాలరాజు తల పైకప్పుకు ఠంగుమని తగిలింది. నాలుక పళ్ల మధ్య నలిగింది. కళ్ల ముందు నల్లమల అంతా ఒక్కసారి గిర్రున తిరిగింది.

"థూ! ఎవడ్రా ఈ రోడ్డు ఏసింది!"

మాట బయటికి వచ్చేసింది. నోట్లోకి మళ్లీ తోయడానికి దానికేం స్ప్రింగు లేదు.

కారు ఆగింది. పాపయ్య జీతం తీసుకునే మనిషి. అయినా అద్దంలోంచి వెనక్కి చూడకుండా ఉండలేకపోయాడు. బాలరాజుకు ముందున్నదంతా కనిపించింది. తారు డ్రమ్ములు కనిపించాయి, కంకర లారీలు కనిపించాయి, రోలరు కనిపించింది. అన్నీ తన ఇంటి మీదుగా వెళుతున్నట్టే కనిపించాయి. వేసినవాడే తిట్టిన రోడ్డును ఇంకెవరు కాపాడతారు?

డీఈ గారు జేబురుమాలు తీసి మోకాలు తుడుచుకున్నారు. గోధుమరంగు మరక ఇంకా వెడల్పయింది.

"బాలరాజూ."

"సార్..."

"నీ కారు బాలేదయ్యా."

బాలరాజు అర్థం కానట్టు చూశాడు. "సార్?"

"సస్పెన్షన్ పోయింది. స్ట్రట్లు మార్పించు. ఇలాంటి కారులోనా ఆఫీసర్లను తిప్పేది?"

"మరి... రోడ్డు సార్?"

"రోడ్డుకేమయింది?" డీఈ గారు గొంతు తగ్గించారు. "రోడ్డు బాలేదని రాశాననుకో. పోయినేడు బాగుందని రాసిందెవరని పైనుంచి అడుగుతారు. రాసింది నేనే. కారు బాలేదని రాస్తే ఎవరు అడుగుతారయ్యా?"

బాలరాజుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల బొప్పి వల్ల అనుకోకండి. అన్నేళ్లుగా ఆయన తన రోడ్లను కాపాడుతున్నది ఎలక్ట్రానిక్ స్ట్రట్లని నమ్మాడు. గాలి తిత్తుల కోసం గిద్దలూరు పరుగెత్తాడు, డిక్కీలో రాళ్లు మోశాడు, అబ్రార్‌తో మాటలు పడ్డాడు. అసలు స్ట్రట్ పక్క సీట్లోనే తెల్ల ప్యాంటు వేసుకుని కూర్చుని ఉంది!

ఊరి మొదట్లో బండి ఆపి, బానెట్ మీద కాగితం పరిచి డీఈ గారు సంతకం పెట్టారు. ఎర్రబండ గూడెం జనం చుట్టూ చేరారు. వాళ్లలో కాశమ్మ ముందుకు వచ్చింది. అడవిలో తేనె, ఉసిరి ఏరి పుల్లలచెరువులో అమ్ముకునే మనిషి. నెత్తి మీద గంప అలాగే ఉంది. కారునూ, బాలరాజు నెత్తినీ, డీఈ గారి ప్యాంటునూ వరసగా చూసింది.

"అయ్యో నాయనా! ఆ రోడ్డెంబడి వచ్చినారా? ఎవరూ చెప్పలేదా మీకు?"

"రోడ్డు మీద కాకపోతే ఎక్కడ రమ్మంటావమ్మా?" అన్నారు డీఈ గారు.

"మేమెవరమూ దాన్ని ఎక్కం సారూ. మిరపకాయలు ఆరబోసుకుంటాం. మళ్లీ ఏయిస్తారని చూస్తాండాం. ఏయిస్తారా?"

"రోడ్డు పాసైందమ్మా."

"పాసైతే?"

"పాసైతే మళ్లీ వేయరు. బాగుందని అర్థం."

"ఫెయిలైతే?"

"ఫెయిలైతే కాంట్రాక్టరు మళ్లీ వేయాలి."

కాశమ్మ గంప దించి, చేతులు జోడించింది. "అయితే మాకు ఫెయిల్ చెయ్యి నాయనా. నీ పుణ్యముంటాది."

డీఈ గారు నవ్వారు. బాలరాజూ నవ్వాడు, నాలుక నొప్పిగా ఉన్నా. చదువు లేని జనం అంతేనండీ! ఊరి రోడ్డు ఫస్టు క్లాసులో పాసైందని సంతోషించడం కూడా చేతకాదు.

కాశమ్మ నవ్వలేదు. గంప ఎత్తుకుని పాపయ్య వైపు తిరిగింది. "ఏం తమ్ముడూ, పోయేటప్పుడన్నా బండ్ల బాట పట్టు. అదో, ఆ కంది చేల పక్కన. ఆటోలన్నీ దాని మీదనే పోతాయి. పెద్దాయనకు ఇంకో ప్యాంటు ఉందో లేదో."

పాపయ్య ఎవరినీ అడగలేదు. రోడ్డు దిగి బండ్ల బాట పట్టాడు.

తాతల నాటి నుంచి ఎద్దుల బండ్లు తిరిగి తిరిగి, ఆవులూ మేకలూ మనుషులూ తొక్కి తొక్కి గట్టిపడిన ఎర్రమట్టి బాట అది. టెండరు లేదు, అంచనా లేదు, ప్రారంభోత్సవం లేదు. అబ్రార్ స్ప్రింగుల మీద కారు తెప్పలా సాగింది. కాసేపటికి డీఈ గారి తల వెనక్కి వాలింది. గురక మొదలైంది. పెద్ద రోడ్డు కనుచూపు మేరలోకి వచ్చాక ఆయనకు మెలకువ వచ్చింది. కిటికీ దించి బయటికి చూశారు.

"అబ్బ! ఈ రోడ్డు ఎంత బాగుందయ్యా బాలరాజూ! ఎవరు వేశారు?"

ఇతరుల రోడ్లను కూడా తనవేనని చెప్పుకునే మనిషి ఈసారి కంది చేల వైపు తిరిగి కూర్చున్నాడు. పాపయ్యే చెప్పాడు.

"ఎవరూ ఎయ్యలేదు సార్."

డీఈ గారి ముఖం ముడుచుకుంది. "ఎవరూ వేయకుండా రోడ్డెలా ఉంటుంది? రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? నిబంధనలకు పూర్తిగా విరుద్ధం!" టీ తడి ఆరని ఫైలు తెరిచారు. పెన్ను విదిలించారు. "వచ్చే ఏడు పనుల్లో దీన్ని పెడుతున్నా. పైన తారు పడాల్సిందే. బాలరాజూ, ఇది కూడా నువ్వే వెయ్యి."

ఆయన్ను గెస్ట్‌హౌస్‌లో దించిన వెంటనే బాలరాజు అబ్రార్‌కు ఫోన్ చేశాడు.

"భాయ్, ఆ జర్మనీ కాళ్లు తెప్పించు. ఎంతైనా సరే."

"ఎందుకన్నా? స్ప్రింగులు బాగాలేవా?"

"స్ప్రింగులు బాగున్నాయి. బాట కూడా బాగుంది." బాలరాజు బొప్పి తడుముకున్నాడు. "వచ్చే ఏడు ఆ బాట ఉండదు భాయ్. నేను రోడ్డు ఏస్తాండా."